కంకర మనుషులు: కుమార్తులి నుంచి బాంకురా దాకా

శుక్రవారం, కోల్‌కతా

మా బాబాయి బందరులో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. "శాంతినికేతన్ చూడకుండానే పోతానేమోరా" అని ఏటా సంక్రాంతికి ఓసారి అనడం, మేం విని ఊరుకోవడం మామూలే. ఈసారి కనుమ వెళ్ళగానే ఇద్దరం రైలెక్కేశాం.

కోల్‌కతాలో దిగాక నేను విక్టోరియా మెమోరియల్ అన్నాను. ఆయన కుమార్తులి, అదే పూజల మట్టి విగ్రహాలు చేసేవాళ్ళ పేట, అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. సరస్వతీ పూజకి వారం కూడా లేదు కాబట్టి ఆ సందుల నిండా సరస్వతులే. ఒక్కో పాకలో ముప్పై నలభై బొమ్మలు, ఒకదాని భుజం ఇంకోదానికి తగులుతూ. కొన్ని ఇంకా గడ్డి దశలో ఉన్నాయి: వెదురు కర్ర, దానికి బిగించి కట్టిన వరిగడ్డి, తల లేదు. కొన్నిటికి పొట్టు కలిపిన జిగట మట్టి మొదటి పూత పడింది. ముఖాలు అచ్చుల్లో వేరే చేసి పెట్టుకుంటారు, వేళ్ళు విడిగా ఒక్కొక్కటీ చేసి అతికిస్తారు. ఒక ముసలాయన పీట మీద కూర్చుని హంస మెడ సరిచేస్తున్నాడు. తడిగుడ్డతో ఒకసారి నిమిరితే మట్టి మీది వేలి గీతలన్నీ పోయాయి. బాబాయి ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఆ గుడ్డ ఎంత తడిపాడో చూపించమన్నాడు. భాష లేదు, సైగలే. ఆయన గుడ్డ పిండి చూపించాడు, రెండు చుక్కలు పడ్డాయి. "అంతే, అంతకంటే ఎక్కువైతే జారిపోద్ది" అని బాబాయి నాకు తెలుగులో చెప్పాడు, ఏదో ఆయనే కనిపెట్టినట్టు.

ఫొటోలు తీసుకోవాలంటే సందు మొదట్లో ఒక కుర్రాడు చందా పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు, యాభై రూపాయలు. ఇచ్చేశాం. మట్టి కప్పులో టీ పదికి. తాగేశాక కప్పు పారేయడానికి బాబాయికి మనసొప్పలేదు, కడిగి సంచీలో వేసుకున్నాడు. ఈ ప్రయాణంలో అలాంటివి ఎన్ని పోగయ్యాయో నేను లెక్కపెట్టలేదు.

కుమార్తులితో మొదలుపెట్టడంలో ఆయన లెక్క ఆయనకుంది. మేం చూడబోతున్నది ముఖ్యంగా శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ చేసిన బొమ్మల్ని. 1906లో బాంకురాలో మంగలి కుటుంబంలో పుట్టినవాడు. చిన్నప్పుడు పక్కనే బొమ్మలు చేసే అనంత సూత్రధార్ అనే ఆయన దగ్గర మట్టి పిసకడం నేర్చుకున్నాడు. నాటకాలకు తెరలు గీశాడు, సహాయ నిరాకరణోద్యమానికి నాయకుల బొమ్మలు వేశాడు. 'మోడరన్ రివ్యూ' సంపాదకుడు రామానంద ఛటర్జీ, ఆయనదీ బాంకురాయే, ఈ కుర్రాడి పనితనం చూసి 1925లో శాంతినికేతన్ పంపించాడు. అంటే బడికి వెళ్ళకముందే గడ్డీ మట్టీ చేతికి పట్టేశాయన్నమాట.

సాయంత్రం మేయో రోడ్డు దగ్గర గాంధీ విగ్రహం చూశాం. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన కంచు గాంధీ, కర్ర పట్టుకుని గబగబా నడుస్తుంటాడు. ఈయన 1929 నుంచి 1957 దాకా మద్రాసు ఆర్ట్ స్కూలు నడిపాడు, మెరీనాలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల బొమ్మా ఈయనదే. మన వైపు నుంచి వెళ్ళి ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామందే. "మా మాస్టారుకి గురువు" అని బాబాయి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. ట్రాఫిక్ పోలీసు మమ్మల్ని కాస్త వింతగా చూశాడు.

శనివారం, బోల్‌పూర్

బోల్‌పూర్‌లో అడుగు పెట్టగానే మీదపడేది టోటోవాళ్ళు. బ్యాటరీ ఆటోని అక్కడ టోటో అంటారు. "దాదా, ఫుల్ శాంతినికేతన్, ఆట్‌శో" అని ఎనిమిదొందలతో మొదలుపెట్టి, మనం నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆరొందలకు వస్తారు. మాకు దొరికిన కుర్రాడు మంచివాడే, కాకపోతే ప్రతి దుకాణం ముందూ ఆపుతాడు. అక్కడ కొంటే అతనికేదో ముడుతుంది, అందులో దాపరికం ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనం ఒక ఇంటి వరండాలో నడిపే హోటల్లో. పొట్టు తీసిన మినపప్పుని సోంపు వేసి పల్చగా కాచిన పప్పు, గసగసాలు నూరి వేసిన బంగాళాదుంప కూర, గసగసాల వడ, ఒక చేప ముక్క. నూట డెబ్భై రూపాయలు. వీళ్ళు ఆ బంగాళాదుంప కూరని ఆలూ పోస్తో అంటారు, ఈ వైపు ఎండ జిల్లాలకి ఇదే అసలు తిండి. గసగసాల ధర విపరీతంగా పెరిగిందని, ఇప్పుడు ఇంట్లో చేస్తే చుట్టాలొచ్చినట్టే లెక్కని హోటలావిడ హిందీలో నిట్టూర్చింది. అయినా మా ఆకులో రెండోసారి కూడా వేసింది. మినపప్పుతో అన్నం కలుపుకోవడం బాబాయికి మొదట ఎక్కలేదు. ఆ ఉల్లిపాయ ముక్క, పచ్చిమిర్చి కొరుక్కుంటూ తింటే మాత్రం ఎక్కింది.

సాయంత్రం సోనాఝురి సంత. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చేసిన సరుకు తెచ్చి అమ్ముకునే చిన్న సంతట. ఇప్పుడు కార్లు కిలోమీటరు మేర ఆగిపోయి ఉన్నాయి. కాంథా కుట్టు చీరలు, తోలు సంచులు, డోక్రా ఇత్తడి బొమ్మలు. మంచివీ ఉన్నాయి, ఎక్కడో మిషను మీద వేసుకొచ్చినవీ ఉన్నాయి. ఏక్‌తారా పట్టుకున్న ఒక బావుల్ గాయకుడు నిజంగా బాగా పాడాడు, యాభై ఇచ్చాం. చెట్ల మధ్య సంతాల్ తెగ ఆడవాళ్ళు ఒకే రంగు చీరల్లో వరసగా చేతులు పట్టుకుని ఆడుతుంటే, నగరం నుంచి వచ్చినవాళ్ళు మధ్యలో దూరి రీలు తీసుకుంటున్నారు. డబ్బులు వాళ్ళకే ముడతాయి కాబట్టి నేను తప్పంటే ఎవరికీ ఒరిగేదేం లేదు. కానీ చూస్తూ నిలబడబుద్ధి కాలేదు.

అక్కడే పక్కన ఖోయాయ్. వానకి కోసుకుపోయిన ఎర్రమట్టి గట్లు, వాటి మధ్య వాగులు. మన మొరం నేలే. బాబాయి వంగి గుప్పెడు ఎర్ర గులకలు ఏరి, "ఇదే ఆయన సరుకు" అన్నాడు. పాలరాయి, కంచు కొనే స్థోమత శాంతినికేతన్ ఆశ్రమంలో లేదు. ఈ కంకరలో సిమెంటు కలిపి రామ్‌కింకర్ మనుషుల్ని లేపాడు.

తిరుగు దారిలో రోడ్డంతా జామ్. మా టోటో కుర్రాడు "షార్ట్‌కట్, పాఁచ్ మినిట్" అని పొలాల మధ్యకు తిప్పాడు. ఐదు నిమిషాలు కాస్తా అరగంటయింది, బొనేర్‌పుకుర్ డాంగా అనే సంతాల్ పల్లెలో తేలాం. అతనికి దారి తెలియదని అప్పుడర్థమయింది. సెల్‌లో ఎవరికో ఫోన్ చేస్తూ అతను తిరుగుతుంటే మేం దిగి నడిచాం. సంతకంటే ఇదే మేలు. మట్టి ఇళ్ళు, గోడల అడుగున నల్ల పట్టీ, దాని పైన తెల్ల సుద్ద, కొన్నిటి మీద మట్టితోనే ఉబ్బెత్తుగా తీర్చిన చెట్లూ నెమళ్ళూ. పంట ఇంటికొచ్చాక చేసుకునే సొహరాయ్ పండగకి పూసిన పూత ఇంకా కొత్తగానే ఉంది. ఒకావిడ గుమ్మం దగ్గర చేట పట్టుకుని నిలబడి మమ్మల్ని పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. బాబాయి గోడ ముట్టుకోవచ్చా అని సైగతో అడిగాడు. తలూపింది. గోరుతో గీసినా గీత పడనంత నున్నగా ఉందా గోడ. ఆడవాళ్ళు అరచేత్తో రుద్దీ రుద్దీ తెచ్చే నునుపు అది. ఫొటో తియ్యొద్దని ఆయనే నన్ను ఆపాడు.

ఆదివారం, కళాభవన్

రవీంద్రుడు శాంతినికేతన్‌లో పెట్టిన విశ్వభారతి విశ్వవిద్యాలయంలో వారపు సెలవు బుధవారం, ఆదివారం మామూలుగా పాఠాలుంటాయి. బయటివాళ్ళని ఆవరణలోకి ఇష్టమొచ్చినట్టు రానివ్వరు. అక్కడి చిత్రకళ, శిల్పకళల విభాగమైన కళాభవన్‌లో శిల్పం చదువుతున్న పలాస కుర్రాడొకడు బాబాయి శిష్యుడికి శిష్యుడు. ముందుగానే మాట్లాడి పెట్టాడు. గేటు దగ్గర పేర్లు రాయించి లోపలికి తీసుకెళ్ళాడు. "మాస్టారూ, రండి, ముందు పెద్దాయన దగ్గరికే పోదాం" అన్నాడు.

పెద్దాయన అంటే రామ్‌కింకర్ 'సంతాల్ పరివార్', 1938. సంతాల్ కుటుంబం ఇల్లు వదిలి ఎటో పోతోంది. మగమనిషి భుజాన కావడి, ఒక పక్క బుట్టలో పిల్లాడు కూర్చుని ఉన్నాడు. ఆడమనిషి చంకలో ఇంకో బిడ్డ. కాళ్ళ పక్కన కుక్క. మనిషి కంటే బాగా ఎత్తు, కానీ దిమ్మె చిన్నది కాబట్టి తలెత్తి దణ్ణం పెట్టాల్సిన దూరంలో లేరు, మన పక్క నుంచే నడిచి పోతున్నారు. ఫొటోల్లో ఎప్పుడూ ముందు నుంచే చూశాను. చుట్టూ తిరిగితేనే తెలిసింది, వెనక నుంచి చూస్తే ఆ కావడి బరువంతా మగాడి నడుములో ఉంది. ఒక పక్కకి వంగి, రెండో పక్క కండ బిగిసి. ఎదురుగా నిలబడితే ఆ సంగతి కనపడదు.

దగ్గరికెళ్తే ఒళ్ళంతా గరుకే. గులకరాళ్ళు పైకి పొడుచుకొచ్చి, వాటి మధ్య సిమెంటు బూడిద రంగు. చేసిన పద్ధతి పలాస కుర్రాడు చెప్పాడు. ముందు ఇనప చువ్వలతో అస్థిపంజరంలా కట్టుకుంటారు. కంకర, సిమెంటు, ఇసుక కలిపిన ముద్దని దాని మీద విసిరి కొడతారు. అది పూర్తిగా గట్టిపడకముందే ఉలితో, తాపీతో చెక్కాలి. ఆలస్యమైతే ఉలి దిగదు, తొందరపడితే ముద్ద ఊడి పడుతుంది. "మేస్త్రీ పనే" అన్నాడు బాబాయి. "మేస్త్రీ పనే మాస్టారూ, కానీ మేస్త్రీకి ప్లానుంటాది, ఈయనకి లేదు" అన్నాడు కుర్రాడు.

మన దేశంలో బయట బహిరంగంగా నిలబెట్టిన మొదటి ఆధునిక శిల్పం ఇదే అంటుంటారు. మొదటిదో రెండోదో నాకక్కర్లేదు. ఆ రోజుల్లో నడిబజార్లో నిలబడ్డానికి అర్హత ఉన్నవాళ్ళు వైస్రాయ్‌లూ, జమీందార్లూ. కూలికి వలసపోయేవాళ్ళని, అదీ కుక్కతో సహా, అంత పెద్దగా నిలబెట్టమని ఎవరూ డబ్బిచ్చి అడగరు. ఇది ఎవరో ఆర్డరిస్తే చేసింది కాదు.

దానికి దగ్గర్లోనే 'కొలేర్ బాన్శీ', మిల్లు కూత, 1956. ఇద్దరాడవాళ్ళు మిల్లు సైరన్ విని పరిగెడుతున్నారు, తడి బట్ట గాలికి తెరచాపలా లేచింది, వెనక పిల్లాడు అందుకోలేక వస్తున్నాడు. స్నానం చేసి, చీర ఆరబెట్టుకునే తీరిక లేక, పరిగెడుతూనే ఆరబెట్టుకుంటున్నారు. రెంటికీ మధ్య పద్దెనిమిదేళ్ళు. మొదటి కుటుంబం నడుస్తోంది, ఇక్కడ ఉరుకుతున్నారు. కళాభవన్‌లో ఎవరినడిగినా 'పరివార్' గొప్పదంటారు. బాబాయికీ నాకూ ఇక్కడ పేచీ వచ్చింది. నాకు ఇదే నచ్చింది. ఆయన "ఇందులో తొందర ఎక్కువ, బరువు తక్కువ" అన్నాడు. మిల్లుకి లేటైతే కూలి కోస్తారు బాబాయ్, బరువెక్కడి నుంచి వస్తుంది అన్నాను. "శిల్పం గురించి మాట్లాడ్రా అంటే కూలి గురించి మాట్లాడతావేంటి" అన్నాడు. టీ దాకా తెగలేదు.

'సుజాత' చెట్ల మధ్య ఉంది, 1935 నాటిది. సన్నగా, పొడుగ్గా, యూకలిప్టస్‌తో పోటీపడి ఎదిగిన ఆడమనిషి. మొదట అది ఉత్త నడిచే అమ్మాయి బొమ్మేనట. నెత్తిన గిన్నె పెట్టమని కళాభవన్‌లో ఆయన గురువు నందలాల్ బోస్ సలహా ఇచ్చాక, బుద్ధుడికి పాయసం తీసుకెళ్ళే సుజాత అయిందని చెబుతారు. ఈ బొమ్మ చూసి రవీంద్రనాథ్ పిలిపిస్తే తిడతాడేమోనని రామ్‌కింకర్ వణికాడట. ఆయన మాత్రం ఆవరణంతా ఇలాంటివాటితో నింపెయ్యమన్నాడట. ఆ మాట ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. 1940 నాటి 'బాతీదాన్', అంటే దీపస్తంభం, ఇంకో తరహా. మనిషీ కాదు, జంతువూ కాదు. మెలికలు తిరిగిన ఆకారం, అంతే. మన దేశంలో అంత తొందరగా రూపం వదిలేసిన శిల్పాలు చాలా తక్కువ. దాని ముందు బాబాయి నిమిషం నిలబడి కదిలాడు. ఆయనకి ముక్కూ మొహం ఉండాలి.

గాంధీ బొమ్మ దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. పాదం కింద పుర్రె ఉంటుంది. నిన్నగాక మొన్న కోల్‌కతాలో చూసిన కంచు గాంధీ హుందాగా నడిచాడు. ఇక్కడి గాంధీ చావుల మీదుగా నడుస్తున్నాడు.

విద్యార్థుల హాస్టలు పక్కన 'కాలో బాడీ', నల్ల ఇల్లు. మట్టి గోడలకి తారు పూసి, వాటి మీద ఉబ్బెత్తు బొమ్మలు తీర్చారు. 1930ల్లో నందలాల్, రామ్‌కింకర్, విద్యార్థులు కలిసి చేసింది. భార్హుత్ స్తూపం బొమ్మ ఒకటి ఉంటే పక్కనే ఈజిప్టు, అస్సీరియా బొమ్మలు. చూసి నేర్చుకోడానికి మ్యూజియంకి పంపే స్తోమత లేకపోతే గోడనే మ్యూజియం చేశారు. తారు ఎందుకంటే వానకి మట్టి కరగకుండా. మన పల్లెల్లో పడవ అడుగుకి రాసే పద్ధతే. అలాంటి ఇంట్లో సీనియర్ విద్యార్థులు ఉండటం, తీగ మీద లుంగీలు ఆరేసుకోవడం నాకు భలే నచ్చింది.

ఇంకో పక్క డిజైన్ విభాగం భవనం గోడల నిండా కె.జి.సుబ్రమణ్యన్ వేసిన నలుపు తెలుపు బొమ్మలు. కేరళలో పుట్టి, ఇక్కడే నందలాల్, వినోద్ విహారి, రామ్‌కింకర్ల దగ్గర చదివి, బరోడాలో పాఠాలు చెప్పి, 1980లో మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. మెదక్ వైపు నిజాంపూర్ నుంచి బరోడా వెళ్ళిన మన లక్ష్మాగౌడ్‌కి ఈయనే గురువు. లక్ష్మాగౌడ్ గీతల్లోని ఆ మేకలూ చెట్లూ మనుషులూ ఒకరిలోంచి ఒకరు పుట్టుకొస్తుంటారే, ఈ గోడ ముందు నిలబడితే దాని చుట్టరికం కాస్త తెలుస్తుంది. సుబ్రమణ్యన్ ఎనభై దాటిన వయసులో పరంజా ఎక్కి ఈ గోడలు మళ్ళీ కొత్తగా వేశాడు.

రాత్రి పలాస కుర్రాడికి భోజనం పెట్టించాం. రామ్‌కింకర్ ఇంటి పూరికప్పు కురుస్తుంటే తన నూనెరంగుల చిత్రాలనే తీసి కప్పు మీద కప్పుకునేవాడన్న కథ అతనే చెప్పాడు. "ఇప్పుడు వాటిలో ఒక్కటి అమ్మినా ఊరంతటికీ కప్పేయొచ్చు మాస్టారూ" అన్నాడు. తను చదువు అయ్యాక ఏం చేస్తాడో అడిగితే, విగ్రహాల ఆర్డర్లు వస్తే చేస్తానన్నాడు. నాయకులవే కదా అన్నాను. "అవే కదండీ ఉన్నవి."

సోమవారం, హిందీ భవన్, ఉత్తరాయణ్

హిందీ భవన్ హాల్లోకి వెళ్ళి తల పైకెత్తాలి. మూడు గోడల పైభాగం పొడుగునా వినోద్ విహారి ముఖర్జీ 1946, 47ల్లో వేసిన మధ్యయుగపు భక్తుల జీవితం. రామానుజుడు, మగ్గం ముందు కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్ సింగ్. ఎవరూ విడిగా పటం కట్టుకుని లేరు. ఊళ్ళూ నదులూ జనమూ ఒకే ప్రవాహంగా సాగుతుంటే మధ్యలో ఒక్కొక్కరు కనిపిస్తారు. మన భక్తి సాహిత్యం చదివినవాళ్ళెవరైనా అందులో తమవాణ్ణి వెతుక్కుంటారు. బాబాయి రామానుజుడి కింద కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాడు.

ఇది తడి గార మీద వేసిన చిత్రం. సున్నపు గార పచ్చిగా ఉండగానే రంగు పెట్టాలి, సున్నం ఆరుతూ రంగుని తనలో కలిపేసుకుంటుంది. ఆరాక దిద్దడానికి లేదు. అందుకని ఒక పూటలో ఎంత వేయగలరో అంత మేరకే గార పూస్తారు. బళ్ళో పిల్లలకి ఈ పద్ధతి బాబాయి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాడు, చేసి చూపించలేదు. ఇప్పుడు ఆ పూటల అతుకులు ఎక్కడున్నాయో వెతకడం మొదలుపెట్టాడు. కబీరు దగ్గర ఒకటి దొరికిందన్నాడు. నాకు కనపడలేదు.

ముందుగా పూర్తి నమూనా గీసుకుని గోడకి ఎక్కించడం కాకుండా, నేరుగా గోడ మీదే వేశాడు వినోద్ విహారి. అతనికి పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండోదానికి అంతంతమాత్రం. పరంజా మీద నిలబడితే మొత్తం గోడ ఒకేసారి కనిపించే అవకాశమే లేదు. 1957లో కంటి ఆపరేషన్ వికటించి ఆ ఉన్న చూపూ పోయింది. అప్పటి నుంచి కాగితాలు కత్తిరించి అతికించాడు, మైనంతో బొమ్మలు చేశాడు. 1972లో కళాభవన్ గోడకి పలకలతో పెద్ద బొమ్మ చేశాడు. వేళ్ళతో తడుముకుంటూ చేసిన బొమ్మ. నిన్న దాని ముందు నుంచే వచ్చాం. ఆ సంగతి తెలియకపోతే చూపున్నవాడు సరదాగా చేశాడనుకుంటాం. ఇక్కడ అతని శిష్యుడైన సత్యజిత్ రాయ్ అదే ఏడు ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు.

మధ్యాహ్నం ఉత్తరాయణ్. రవీంద్రుడి ఇళ్ళు ఐదు, ఒకదానికి ఒకటి పోలిక లేదు. మేం ఎక్కువసేపు ఉన్నది శ్యామలి దగ్గర. 1935లో కట్టిన మట్టి ఇల్లు. గోడల్లో చల్లదనానికి మట్టి కుండలు పేర్చారు, బయటి గోడల మీద నందలాల్ బృందం తీర్చిన బొమ్మలు, గుమ్మానికి అటూ ఇటూ రామ్‌కింకర్ చేసిన సంతాల్ బొమ్మలు. 1940లో గాంధీ, కస్తూర్బా ఇందులోనే బస చేశారు. మొన్న దారి తప్పి చూసిన పల్లె గోడా ఇదీ ఒకటే పని. తేడా ఏంటంటే ఇక్కడ తాడు కట్టారు, ముట్టుకోనివ్వరు.

మ్యూజియంలో నోబెల్ పతకం నకలే ఉంది. అసలుది 2004లో దొంగతనంగా పోయింది. జనగణమన దగ్గర బాబాయి ఆగి, దీన్ని ఇంగ్లీషులోకి రవీంద్రుడు మదనపల్లెలోనే చేశాడని, 1919లో బిసెంట్ కాలేజీలో ఉండగా అని గార్డుకి హిందీలో వివరించాడు. గార్డు అంతా విని "దాదా, బ్యాగు బయట పెట్టండి" అన్నాడు.

మంగళవారం, బేలియాతోడ్, బాంకురా

కారు మాట్లాడుకున్నాం, బాంకురా దాకా మూడున్నర వేలు. దుర్గాపూర్ దాటాక బాంకురా ఇంకో ఇరవై కిలోమీటర్లుందనగా బేలియాతోడ్ వస్తుంది. జామినీ రాయ్ పుట్టిన ఊరు, 1887. డ్రైవర్‌కి మాత్రం అది 'మేచా' ఊరు. శనగపిండితో కారప్పూస లాంటిది వేయించి, దంచి, కోవా, యాలకులు కలిపి ఉండ చేసి, పైన పంచదార పాకం పట్టించిన మిఠాయి. కొరకగానే బాబాయి నా వైపు చూశాడు. తొక్కుడు లడ్డు! పాకం పొర ఒక్కటే ఎక్కువ. కొట్టు యజమానికి మా ఊళ్ళో కూడా ఇలాగే దంచి చేస్తారని చెబితే నమ్మలేదు. సెల్‌లో బందరు లడ్డు ఫొటో చూపించాక ఒక ఉండ ఊరికే పెట్టాడు.

జామినీ రాయ్ కలకత్తా ఆర్ట్ స్కూల్లో దొరల పద్ధతి నేర్చుకుని, నూనెరంగుల్లో పెద్దమనుషుల పటాలు వేసి బతికినవాడు. 1920ల్లో అవన్నీ వదిలేసి కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర గీసి అమ్మిన పటాల వైపు, తన ఊరి బొమ్మల వైపు మళ్ళాడు. కాన్వాసు మానేసి చాప, చెక్క, సున్నం పట్టించిన గుడ్డ తీసుకున్నాడు. రంగులు మట్టి, సుద్ద, దీపపు మసి. బొమ్మ ఒక్కటే ఉండాలన్న పట్టింపు లేకుండా ఇంట్లోవాళ్ళతో కలిసి మళ్ళీ మళ్ళీ వేసి, మామూలు సంసారులు కొనగలిగేంత ధరకు అమ్మాడు. ఇప్పుడవి వేలంలో కోట్లు పలుకుతున్నాయి. దేశ సంపద కింద లెక్క కాబట్టి విదేశాలకి తీసుకెళ్ళనివ్వరు. ఆ పెద్ద కళ్ళ ఆడవాళ్ళని మనం క్యాలెండర్ల మీదా, చీర కొంగుల మీదా ఎంత చూశామంటే, అసలు బొమ్మ ముందు నిలబడ్డా కొత్తగా అనిపించదు. నాకు ఆయన మీద గౌరవమే తప్ప రామ్‌కింకర్ మీదున్నంత ప్రేమ రాలేదు.

బాంకురాలో రామ్‌కింకర్ పుట్టిన పేట జుగీపాడా వెతకడం పెద్ద పని. మ్యాపు ఒక చేపల మార్కెట్లోకి తీసుకెళ్ళి ఆగిపోయింది. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే "కోన్ రామ్‌కింకర్?" అన్నారు, ఒకాయన ఆ పేరుతో ఉన్న సైకిల్ షాపు చూపించాడు. చివరికి చెప్పింది ఒక మంగలి షాపతను. సగం గెడ్డం గీసిన మనిషిని అలాగే కూర్చోబెట్టి బయటికొచ్చి, చెయ్యి పట్టుకుని సందు మలుపు దాకా తీసుకొచ్చాడు. "మావాడే" అన్నాడు నవ్వుతూ. చుట్టమో, కులమో, ఊరో, ఏ లెక్కన అన్నాడో మేం అడగలేదు. గెడ్డం మనిషి నురగతో గుమ్మంలోకొచ్చి మమ్మల్నే చూస్తున్నాడు. సందులో మామూలు ఇళ్ళే, మురిక్కాలవ, బట్టలారేసిన డాబాలు. చూడ్డానికంటూ ఏమీ లేదు. బాబాయి అరుగు మీద కూర్చుని ఆ సందు స్కెచ్ వేసుకున్నాడు, చుట్టూ పిల్లలు మూగారు. ఒకడు తన బొమ్మ వెయ్యమన్నాడు. తర్వాత వరసగా అందరూ. ఆ రోజు రాత్రి తిండి తొమ్మిదిన్నరకి.

బుధవారం, విష్ణుపురం

విష్ణుపురం గుళ్ళ గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. 1643 నాటి శ్యామ్‌రాయ్ గుడి ఒక్కటే చెబుతాను: గుడి మొత్తం ఇటుక, ఇటుకల మీద కాల్చిన మట్టి పలకలు, జానెడు ఖాళీ లేకుండా రాసలీలలూ వేటలూ పడవలూ. ఈ జిల్లాలో పుట్టిన పిల్లవాడికి మట్టి తక్కువ సరుకని ఎవరూ చెప్పి ఉండరు.

పాంచ్‌మురా వెళ్ళి గుర్రం కొన్నాం. బాంకురా గుర్రం చెవులూ తోకా విడిగా చేస్తారు, వాటికని వదిలిన కంతల్లో గుచ్చుకోవాలి. మోకాలెత్తు గుర్రానికి తొమ్మిదొందలు అడిగాడు కుమ్మరి. బాబాయి బేరమాడబోయి, బట్టీ దగ్గర ఆయన భార్య బూడిదలోంచి పగిలినవి ఏరి పక్కన పెట్టడం చూసి ఆగిపోయాడు. నాలుగోవంతు అలా పోతాయట. తొమ్మిదొందలూ ఇచ్చి, మారు మాట్లాడకుండా గడ్డిలో చుట్టించాడు. చెవులు మాత్రం గడ్డి మీద నమ్మకం లేక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. హౌరా స్టేషన్‌లో చెకింగ్ దగ్గర కానిస్టేబుల్ అవేంటని అడిగితే "ఘోడా కా కాన్" అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, కానిస్టేబుల్ నవ్వలేదు, గుర్రం చూపించమన్నాడు. మొత్తం గడ్డి విప్పి, రెండు చెవులూ గుచ్చి చూపించాకే వదిలాడు.